బిళ్ళ వెనకవైపు

“మింగేసింది! సూది మింగేసింది, మామయ్యగారూ!”

అరిచింది ఆ ఇంటి కోడలు. నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే మనిషి. గ్లాసుడు నీళ్ళలో పిసరంత సీసం ఉన్నా పట్టుకుని, దానికి అంకె వేసి సంతకం పెట్టగలదు. తన పద్నాలుగు నెలల కూతురి గొంతులో ఏముందో మాత్రం ఆమెకు తెలియడం లేదు. పిల్ల నేలమీద కూర్చుని ఉంది. పెదవుల చుట్టూ నల్లటి చొంగ. గుప్పిట్లో నక్షత్రం ఆకారపు పాత పోలీసు బిళ్ళ. గుప్పిట విడదీసి బిళ్ళ లాక్కుని చూస్తే, చొక్కాకు గుచ్చుకోవడానికి వెనక ఉండవలసిన సూది లేదు. పక్కన పడి ఉన్న మఖమల్ చెక్కకు మిగతా ఏడు బిళ్ళలూ దేని సూదితో అది గుచ్చుకుని భద్రంగానే ఉన్నాయి. ఎనిమిదో సూది ఏది?

కిటికీ దగ్గర ఇంకేదో బిళ్ళ మీద ఒకే భూతద్దంలోకి తలలు దూర్చిన ఇద్దరు ముసలివాళ్ళు బిగుసుకుపోయారు. ఒకాయన రెండు వీధుల అవతల కొట్టున్న దర్జీ. రెండో ఆయన ఆమె మామగారికి అన్న, ఆమెకు పెదమామగారు. వీధి మొత్తానికి బిళ్ళల దొరగారు.

ఆ పేరు గౌరవం కొద్దీ పెట్టింది కాదు. పెద్దాయన పోలీసు కాదు, పోలీసుల తాలూకూ కాదు. సర్వే ఆఫీసులో అమోనియా ఆవిరితో నక్షాలకు నకళ్ళు తీసే గదిలో ఆ వాసన పీలుస్తూ ముప్పయ్యొక్క ఏళ్ళు గడిపి రిటైరయ్యాడు. వయసులో ఉండగా ఒక సాయంత్రం, దీపం లేని సైకిలు తొక్కుతున్నాడని కానిస్టేబులొకడు ఆపి, రెండు చక్రాల్లోనూ గాలి తీసేసి, ఇంటిదాకా నడిపించాడట. తలెత్తి వాడి ముఖం చూసే ధైర్యం లేక ఈయన వాడి ఛాతీమీది బిళ్ళనే చూస్తూ నిలబడ్డాడట. నంబరు నాలుగు వందల పదిహేడు. ఇంకెవరైనా అయితే రెండు రోజులు తిట్టుకుని మరిచిపోదురు. ఈయన తూకానికి అమ్మే పాత ఇత్తడి సామాన్లలోంచి ఒక పోలీసు బిళ్ళ ఏరి తెచ్చుకున్నాడు. అది మొదలు. ఎత్తేసిన ఠాణాలవి, కూల్చేసిన జైళ్ళ వార్డర్లవి, రేవు కాపలావాళ్ళవి, గుర్రపు పోలీసులవి అన్నీ కలిపి ఇప్పటికి నాలుగు వందల పైచిలుకు.

ఇంత అధికారం గోడలకు తగిలించుకున్న మనిషి వీధిలో ఖాకీ చొక్కా కనిపిస్తే ఈనాటికీ అవతలి వైపుకు దాటేస్తాడు. బస్సులో పసివాడు లేవమన్నా లేచి నిలబడతాడు. ఆయన మేకపోతు గాంభీర్యమంతా ముందుగది గుమ్మం లోపలే.

ఆ గదంటే కోడలికి ఒళ్ళుమంట. ఇంట్లో ఎండ వచ్చే గది అదొక్కటే. అందులో చచ్చిపోయిన పోలీసుల నంబర్లు హాయిగా వెచ్చబడుతుంటే, బతికున్న పిల్ల ఉయ్యాల వంటింటి పక్కన చీకటి నడవలో ఊగుతోంది. కాపురానికి వచ్చిన కొత్తలో, పోనీ మంచి చేసుకుందామని, ఆయన లేనప్పుడు పన్నెండు బిళ్ళలు నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి, తళతళా తోమి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆయన ఆ పళ్ళెం వంక శవాన్ని చూసినట్టు చూశాడు.

“వందేళ్ళు గీకేశావు కదమ్మా!”

“చిలుం మామయ్యగారూ. రాగి మీద పట్టిన మురికి.”

“ఆ మురికే దాని వయసు. ఏం చదువమ్మా మీది!”

తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకూ అది పండగలాగే ఉంది. నకళ్ళ గుమాస్తా తన చదువుకు వంక పెట్టడమా!

ఇక ఆదివారం ఆదివారం దర్బారు. దర్జీ వస్తాడు. ఆయన దగ్గరా ఓ పాతిక బిళ్ళలున్నాయి. ఇద్దరూ పసుపు గుడ్డ పరిచి, సూదులు, టంకాలు, తయారీదారు ముద్రలు చూసుకుంటూ పొద్దుగూకేదాకా గొణుక్కుంటారు. దర్బారు చివర్లో దొరగారు మఖమల్ చెక్క దించుతాడు. దాని మధ్యలో ఆ నక్షత్రం. రెండేళ్ళు మాత్రమే ఉండి రద్దయిన ఏదో రేవు పోలీసు దళానిదట, లోకం మొత్తంమీద ఐదో ఆరో మిగిలాయట. దర్జీని కూడా ముట్టుకోనివ్వడు. “దూరం నుంచి చూడు. చెమట తగలకూడదు.” దర్జీ చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూసేవాడు. వాళ్ళను గుమ్మంలోంచి చూసినప్పుడల్లా, గడ్డాలు నెరిసినా గోళీలు మానలేదని కోడలు నవ్వుకునేది.

ఈరోజు ఆ చెక్కను మంచం అంచున పెట్టి కిటికీ దగ్గరకు వెళ్ళారు. పిల్ల గుమ్మం దాటి పాకుతూ వచ్చి మఖమల్ పట్టుకుని లాగింది.

“చెప్పరేం? పొద్దున్న దీనికి సూది ఉందా?” అని నిలదీసింది కోడలు.

జవాబు దర్జీ చెప్పాడు. “ఉండకేం తల్లీ, అసలు సరుకాయె! ఇంత పొడుగు ఇత్తడి సూది ఉంటుంది. ఆటో పిలవనా?”

ఆమె పిల్ల నోట్లో వేలుపెట్టి తడిమింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. పెద్దాయన మాత్రం తేలు కుట్టిన దొంగలా నక్షత్రం వంకా, దర్జీ వంకా మార్చిమార్చి చూస్తున్నాడు.

“పిల్ల గొంతు కంటే మీ ఇత్తడి ముక్క ఎక్కువైందా?” అని అరిచింది కోడలు.

“దానికి సూది లేదమ్మా.”

“అదే కదా నేనూ చెప్పేది!”

“ఇప్పుడు కాదు. ఎప్పుడూ లేదు.” ఆయన గొంతు గచ్చుమీద కుర్చీ ఈడ్చినట్టు వచ్చింది. “అది నకలు. కొన్నరోజే తెలిసింది. పదకొండేళ్ళ నుంచీ జిగురుతో అంటించి పెట్టాను.”

దర్జీ భూతద్దం కింద పెట్టాడు.

“పదకొండేళ్ళా! ముట్టుకోవద్దంటే భక్తి అనుకున్నా కదయ్యా!” దర్జీ మెడ నరాలు పొంగాయి. “జీవితమంతా నకళ్ళు తీసినవాడివి, నకలు తెచ్చి చేతిలో పెడితే పోల్చుకోలేకపోయావా? పైగా నాకు పాఠాలు! పైన పటారం, లోన లొటారం. బిళ్ళా అంతే, మనిషీ అంతే.”

కోడలికి వాళ్ళ గొడవ పట్టలేదు. “పదకొండేళ్ళు అబద్ధమాడినవారు ఈ నిమిషం నిజం చెబుతున్నారని ఎలా నమ్మను?”

“నన్ను నమ్మకు,” అన్నాడాయన భూతద్దం ఆమె చేతిలో పెడుతూ. “వెనక్కి తిప్పి చూడు. సూదిని టంకంతో అతుకుతారు. ఊడితే మచ్చ మిగులుతుంది. ఇవాళ ఊడితే ఆ మచ్చ మెరుస్తుంది, ఎప్పుడో ఊడితే నల్లబడుతుంది. అసలు మచ్చే లేకపోతే?”

ఇది ఆమెకు తెలిసిన భాష. ముందు చెక్క మీది వేరే బిళ్ళ పీకి చూసింది. సూది మొదట్లో బూడిదరంగు టంకం గడ్డలా లేచి ఉంది. తర్వాత నక్షత్రం. మెరుపూ లేదు, మచ్చా లేదు. పోతపోసినప్పుడు పడ్డ బుడగల గుంటలు, ఎండిన జిగురు, దానికి అంటుకున్న మఖమల్ నూగు. ముందువైపు నల్లదనాన్ని గోటితో గీకి వాసన చూసింది. బూటు పాలిష్. వందేళ్ళ వయసు డబ్బాలోంచి తీసి పూశారన్నమాట.

అప్పటికి ఊపిరి తీసుకుంది. అయినా పిల్లను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన గొంతు చూసి, పొట్ట నొక్కి, “ఇంట్లో వస్తువేమన్నా తగ్గిందా?” అని అడిగాడు. “లేదండీ, మొదటి నుంచీ లేదు,” అంది. ఆయనకు అర్థం కాలేదు. నోరు కడగమని, రెండు రోజులు కనిపెట్టి ఉండమని పంపేశాడు.

దర్జీ మళ్ళీ రాలేదు. వారం తిరక్కముందే వీధిలో బిళ్ళల దొరగారు కాస్తా నకలు దొరగారయ్యారు. ఆ మరుసటి ఆదివారం పెద్దాయన గోడలన్నీ ఖాళీ చేసి బిళ్ళలను రెండు రేకు పెట్టెల్లోకి సర్ది, “ఉయ్యాల ఇక్కడ వేసుకోండి, ఎండ బావుంటుంది,” అన్నాడు. అది ఔదార్యమని కోడలు అనుకోలేదు. దర్బారుకు వచ్చేవాడు లేకపోతే దొరకు గదెందుకు? ఉయ్యాల మాత్రం వెంటనే మార్చింది.

ఆయనంటే ఆమెకు గౌరవం పెరిగిందని చెబితే అబద్ధం. పిల్ల ప్రాణం మీదికొచ్చినా నిజం చెప్పడానికి అంతసేపు నీళ్ళు నమిలిన మనిషి. కానీ మొన్న బొమ్మల కొట్లో, కొట్టువాడు పసుపుపచ్చ బాతును పిల్ల ముందు ఊపుతూ, “ముఖం చూడండమ్మా, ఎంత ముద్దుగా ఉందో!” అంటే, ఆమె ముఖం చూడలేదు. తీసుకుని వెనక్కి తిప్పింది. బ్యాటరీ మూతకు మర లేదు. గోరు తగిలితే ఊడొచ్చింది. బాతును బల్లమీద పెట్టేసి, పిల్లను చంకనెత్తుకుని బయటికి నడిచింది.

ఆ ఆదివారం ఉయ్యాల కొక్కేలు బిగిస్తూ, అడగకుండానే, ఆమె వంక చూడకుండానే పెద్దాయన అన్న మాట ఒకటుంది.

“ముఖం ఎవడైనా దిద్దుతాడమ్మా. చేతిలోకి ఏదొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూడు. నచ్చేశాక తిప్పబుద్ధి కాదు.”