మాసింది కాదు, రంగు

మా నర్సింహులపేట ముత్తయ్య బాపును ఏ తిట్టయినా తిట్టొచ్చు, ఆయన ముందు 'మాసింది' అన్న మాట మాత్రం అనకూడదు. అంటే ఉపన్యాసమే. ఆయన అరెకరంలో పండించే నాటుపత్తి పుట్టుకతోనే గోధుమరంగు. తెలియనివాళ్లకు అది దుమ్ములో పొర్లించిన పత్తిలా కనిపిస్తుంది. కనిపించడం తప్పు కాదు, పైకి అనడమే నేరం.

ఓసారి మహబూబాబాద్ బస్సులో కొత్త కండక్టరు ఈ శాసనం తెలియక ఉల్లంఘించాడు.

"పెద్దమనిషీ, గా మాసిన మూట జర సీటు కిందికి తొయ్యి."

"మాసింది కాదు బిడ్డా, రంగు. కూసో, చెప్త."

కండక్టరు కూర్చున్నాడు. ఆ పూట వెనకసీట్ల వాళ్లంతా టికెట్ లేకుండా ప్రయాణించి, ముత్తయ్యను మనసారా దీవించి దిగిపోయారు.

ఉపన్యాసంలో రెండో అధ్యాయం తేనెటీగలు. చుట్టూ ఉన్న తెల్లపత్తి చేన్లకూ తన చేనుకూ మధ్య అవి పుప్పొడి మోసి జాతి కలిపేస్తాయని ఆయన దిగులు. "ఈగ ఈ యేడు కలిపిన రంగు ఈ యేటి దూదిల కనబడది. గా గింజ మల్ల పెడితేనే బయటపడ్తది." డిగ్రీలో చదివిన వృక్షశాస్త్రమంతా మరిచిపోయాను గానీ, ఈ ముక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను.

ఈ శాసనం వల్ల అందరికన్నా నష్టపోయింది ఆయన భార్య సారక్క. ఆ పత్తితో నేసిన అంగీ తప్ప ముత్తయ్య ఇంకోటి తొడగడు. దాని రంగెక్కడ ముగుస్తుందో, మురికెక్కడ మొదలవుతుందో దేవుడికే తెలియాలి.

"అంగీ ఇప్పు, ఉతుకుత."

"ఎందుకే?"

సారక్క మాట కోసం వెతుక్కునేది. "జర... రంగు ఎక్కువైంది."

"అయితే మంచిదే గదా, ఉండనీ."

నాటు విత్తన రక్షకుడని జనగామలో ఆయనకు సన్మానం చేశారు. వక్తలందరూ పత్తి మహిమను గొంతులు పోయేదాకా కీర్తించి, చివరికి ఆయన భుజాన కప్పింది పాలిస్టర్ శాలువా. ఇంటికొచ్చి దాన్ని బర్రెదూడకు కప్పాడు. దూడ కూడా విదిలించేసింది.

నిరుడు పత్తి విచ్చుకునే వేళకు ముసురు పట్టింది. పక్కచేను రుక్కి తెల్లపత్తి చెట్టు మీదనే తడిసి మరకలు పడింది. అది అమ్మితేనే ఆమె బిడ్డ మళ్లీ నర్సింగు కాలేజీకి పోయేది. వ్యాపారి కాంటా కూడా పెట్టకుండా తిప్పి పంపాడు. తండాకు మళ్లుతున్న ట్రాలీ ఆటో ముత్తయ్య ఇంటి ముందు ఆగింది.

"బాపూ, అంత మాసిందంట!" అని రుక్కి ఏడ్చింది.

ఆ మాట వినగానే మేమంతా ఉపన్యాసానికి సిద్ధపడి అరుగు మీద సర్దుకు కూర్చున్నాం. ముత్తయ్య గుప్పెడు పత్తి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవడన్నడు మాసిందని? ఇది రంగు! నా చేన్ల తిరిగిన ఈగలే నీ చేన్ల జొర్రినయ్. తప్పు నాది. ఈ పత్తి నాకే రావాలె. తెల్లపత్తి ధర కట్టిస్త."

"బాపూ, గింజ మల్ల పెడితేనే గదా అది బయటపడేది..." అని నోరు జారాను.

"చదువుకున్నోనివి, నీకేం తెల్సు? మూట పట్టు!"

పట్టాను. ముసురుకు ముందే ఏరి అమ్మిన తన నాటుపత్తి పైసలన్నీ ఆయన రుక్కి కొంగులో పోశాడు. రుక్కి ఏదో అనబోతే నేను కళ్లతోనే వారించాను. తరవాత ఆ పత్తి ఎండి, దిండ్లై ఊళ్లో ఇంటింటికీ చేరింది. నా దిండుకు ఇప్పటికీ వాన వాసనే.

ఆ రోజు మూటలన్నీ దించేసరికి ముత్తయ్య అంగీ నిండా బురద. సారక్క గడపలో నిలబడి ఎగాదిగా చూసి, పెళ్లయినప్పటి నుంచీ దాచుకున్న ధైర్యమంతా కూడగట్టుకుంది.

"మాసింది. ఇప్పు."

ముత్తయ్య మా వంక ఓసారి చూసి, కిమ్మనకుండా విప్పి ఇచ్చాడు.

ఉతికి ఆరేశాకే మాకు తెలిసింది, ఇన్నేళ్లుగా మేం రంగనుకున్నదాంట్లో సగం మాసిందేనని.