పళ్లతో వినే కాక

మా కాక పళ్లతో వినేవాడు. మా ఊరి దాజీ పేట్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, మోత మధ్య ఏళ్లకేళ్లు మరమ్మతులు చేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఇనుప ముక్క ఏదైనా బాగుందో లేదో తెలియాలంటే దాన్ని నూలు దారానికి వేలాడదీసి, దారం కొస పళ్ల మధ్య బిగించి, కళ్లు మూసుకుని తట్టి, పళ్లలోకి పాకే అదురును వినేవాడు.

నా పాత మోటార్‌సైకిల్‌కు పిస్టన్ స్ట్రోక్ పెంచి బలం రాబట్టాలని పెద్ద క్రాంకు వేయిస్తున్న రోజులవి. దానికి పట్టే కనెక్టింగ్ రాడ్లు రెండు దొరికితే, ఏది వేయాలో తేల్చమని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పరుగులో రాడ్ విరిగితే ఇంజిన్ పగిలిపోతుంది, నడిపేవాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోది ఏదో పాత బండిలోంచి తీసిన నల్లటిది. నా మనసు మెరిసేదాని మీదే ఉంది.

మెరిసేదాన్ని పానాతో మెల్లగా తట్టాడు. వెంటనే పక్కన పెట్టేశాడు. నల్లదాన్ని తట్టి మాత్రం చాలాసేపు కళ్లు తెరవలేదు. సాంచాలు ఆడుతూనే ఉన్నాయి, గాలిలో నూగు తేలుతోంది, ఆయన ఒక్కడూ ఎక్కడో నిశ్శబ్దంలో ఉన్నాడు. నేను భుజం తట్టాను.

"అది చూడనీకి చాంగ్లా ఉన్నది గానీ లోపల చిట్లింది," అన్నాడు దారం వదలకుండానే. "గిది ఇంకా పాడుతున్నదిరా."

నల్లదే వేయించాను. మొదటిసారి హోట్గి రోడ్ మీదికి తీసినప్పుడు ఆయన వెనక కూర్చుని, గడ్డం నా భుజానికి ఆనించి, దారి పొడవునా ఇంజిన్‌ను విన్నాడు.

ఇప్పుడు వెనక సీటు ఖాళీ. అయినా బండి వేగం అందుకోగానే నా భుజం కదలకుండా నిలబడుతుంది, వినేవాడికి ఇబ్బంది కలగకూడదని.