నాలుగు లెక్కపెట్టేలోగా ఆరిపోయే కంప్యూటర్

ఒకటి, రెండు, మూడు, నాలుగు. బటన్ నొక్కగానే లైటు వెలిగేది, లోపల ఫ్యాను బర్రుమని తిరిగేది, నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేదాన్ని. నాలుగు దాటితే ఆ రోజుకి బతికిపోయినట్టు. దాటకపోతే లైటు ఆరిపోయేది, ఫ్యాను ఆగిపోయేది. ఆ కార్తీక మాసమంతా నా పొద్దులు ఈ నాలుగు అంకెల మీదే నడిచాయి. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు కూడా నోట్లో శ్లోకం రాక ఒకటి, రెండు అనే వచ్చేది.

మాది ఐరాల. మా ఆయన బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కాయలున్నన్ని రోజులూ తల గోక్కోవడానికి తీరిక ఉండదు, కాయలైపోతే పనీ అయిపోతుంది. మిగతా ఏడాదంతా ఇల్లు నడిచేది నా ఉద్యోగం మీదే. ఉద్యోగమంటే ఎక్కడికీ వెళ్ళేది కాదు. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పెట్టిన రికార్డింగులు బెంగళూరు కంపెనీ ఒకటి పంపుతుంది. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని అవి విని టైపు చెయ్యాలి. వాళ్ళ సాఫ్ట్‌వేర్ మా ఇంట్లోని ఈ ఒక్క డెస్క్‌టాప్‌లోనే తెరుచుకుంటుంది, ఇంకోదాంట్లో పాస్‌వర్డే తీసుకోదు. పొద్దున తొమ్మిదికల్లా లాగిన్ కావాలి. ఒక నెలలో మూడుసార్లు తప్పితే ఉద్యోగం ఊడినట్టే.

నెల మొదట్లోనే ఒకసారి తప్పింది. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, “నోట్ చేసుకున్నాం మేడమ్” అంది. పది రోజులు తిరక్కుండా మళ్ళీ తప్పింది. ఈసారి, “ఇంకొక్కటే ఉంది మేడమ్” అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపముంటే బతిమాలుకునేదాన్ని.

ఆ రోజు సాయంత్రమే కంప్యూటర్ డబ్బాని దుప్పట్లో చుట్టి, బైకు మీద మా ఆయనకీ నాకూ మధ్య పెట్టుకుని చిత్తూరు తీసుకెళ్ళాం. రిపేరు అంగడాయన పెద్దమనిషి, ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన చెయ్యి. ముందు మూతా పక్క మూతా ఊడదీసి, స్క్రూడ్రైవర్ మొనతో లోపల ఎక్కడో తాకించాడు. అంతే, చక్కగా లేచింది. ఆపాడు, మళ్ళీ తాకించాడు, మళ్ళీ లేచింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ లేచింది, పాపిష్టిది.

“బాగానే ఉండాది కదమ్మా. దీనికేం రోగం?” అన్నాడు.

“ఇంటికాడ రాదన్నా. నాలుగు లెక్కపెట్టే లోపల ఆరిపోతాది.”

“అట్లయితే మీ ఇంట్లో కరెంటు సూపించుకోండి.”

రాత్రంతా మూలిగి డాక్టరు ముందు కిలకిలా నవ్వే బిడ్డని ఎత్తుకెళ్ళినట్టయింది నా పరిస్థితి. ఆయన మాత్రం ఊరికే పంపలేదు. ర్యామ్ ముక్క బయటికి తీసి రబ్బరుతో రుద్దాడు, లోపలుండే బిళ్ళ బ్యాటరీ మార్చాడు, కరెంటు అందించే పెట్టె కూడా కొత్తది వేశాడు. “ఇంగ కొండనెత్తి మీదేసినా పలుకుతాది” అన్నాడు.

రెండు రోజులు పలికింది. మూడో రోజు శుక్రవారం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరిపోయింది. నొక్కగా నొక్కగా తొమ్మిదో సారికి లేచింది. గడియారంలో తొమ్మిదికి ఇంకా మూడు నిమిషాలుంది. ఆపితేనే కదా ఈ తంటా అని, ఆ రోజు నుంచి దాన్ని ఆపడమే మానేశాను. రాత్రి నిద్రలో ఫ్యాను చప్పుడు వినబడకపోతే దిగ్గున లేచి కూర్చునేదాన్ని. ఈ పల్లెలో కరెంటు పోని రోజేది? పోయిన ప్రతిసారీ మళ్ళీ మొదలు.

క్యాలెండర్లో అది మొరాయించిన రోజుల మీద ఇంటూ గుర్తులు పెట్టాను. శుక్రవారాల మీద ఎక్కువున్నాయి, కానీ ఒక మంగళవారం, ఒక బుధవారం కూడా ఉండేసరికి నా బుర్రకి ఏమీ తట్టలేదు. మా ఆయన తల గోక్కుని, “శుక్రవారం రాహుకాలం పదిన్నరకి గదమ్మే, తొమ్మిదికే ఎందుకొస్తాది?” అన్నాడు. ఆ మనిషి వేళాకోళమాడుతున్నాడో నిజంగా అడుగుతున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంట్లో మూడో మనిషి మా అత్త. డెబ్బై దాటినా నడుం వంగని మనిషి. మూడేళ్ళ కిందట కంప్యూటర్ కొన్నప్పుడు, “ఈ డబ్బా ముందర కూసుంటే జీతమిస్తారంటనా? ఎవుర్ని మోసం సేస్తా ఉండావే?” అని నిలదీసింది. మొదటి నెల జీతంతో బియ్యం మూట ఇంటికొచ్చాక ఇంక ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాతి శుక్రవారం నుంచి పొయ్యికీ, రోలుకీ, బీరువాకీ, మా ఆయన బండికీ పెట్టినట్టే దీనికీ గంధం, కుంకుమ పెట్టడం మొదలుపెట్టింది. కూడు పెట్టేదానికి బొట్టు పెట్టాలనేది ఆవిడ లెక్క. మా ఇంట్లో బొట్టు లేని వస్తువు లేదు. ఉన్న బొట్టుని ఎవరూ చూడరు, లేకపోతేనే కనిపిస్తుంది.

భయం నన్ను చెడ్డదాన్ని చేసింది, దాచడమెందుకు? ఒక పొద్దున సరిగ్గా నేను బటన్ నొక్కినప్పుడే వంటింట్లో మిక్సీ తిరిగింది. కంప్యూటర్ ఆరిపోయింది. నేను వంటింటి గడపలోకి వెళ్ళి, “నువ్వు మిక్సీ ఏసినప్పుడల్లా నా కంప్యూటర్ సస్తా ఉండాది అత్తా! నా ఉద్యోగం ఊడితే నీ కడుపు సల్లగుంటాదా?” అని అరిచాను. ఆవిడ మిక్సీ వైరు పీకి, చుట్టి, గూట్లో పెట్టేసింది. మర్నాటి నుంచి మోకాళ్ళ నొప్పులతో రోటి ముందు కూర్చుని ఊరిబిండి పచ్చడి నూరేది. ఆ పొత్రం చప్పుడు నా గదిలోకి వినిపించేది. వద్దత్తా అని ఒక్క మాటంటే సరిపోయేది, అనలేదు. భయపడ్డ మనిషికి తప్పు వెయ్యడానికి ఎవరో ఒకరు దొరకాలి.

పక్కింటావిడ వచ్చి, “ఇంట్లో కూసోని సంపాదిస్తా ఉండావు, దిష్టి తగలకుండా ఉంటాదా?” అని పోయింది. అత్త ఆ సాయంత్రమే ఎండుమిరపకాయలూ ఉప్పూ కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఎవరికీ దగ్గు రాలేదు. దగ్గు రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టే. నమ్మకూడదనుకుంటూనే నేనూ ఆ పొయ్యి ముందు నిలబడి దగ్గు కోసం ఎదురుచూశాను.

నెలాఖరు శుక్రవారం. తెల్లవారుజామున ఉరుములతో వాన పడి కరెంటు పోయింది. రాత్రంతా తిరిగిన ఫ్యాను ఆగిపోయింది. ఎనిమిదీ నలభైకి కరెంటు వచ్చింది. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి బటన్ నొక్కాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరింది. మళ్ళీ నొక్కాను, ఆరింది. ఐదోసారికి లైటు కూడా రాలేదు. అంగడాయనకి ఫోన్ చేస్తే, “పక్క మూత తీసి ర్యామ్ ఇంగోసారి రుద్దమ్మా” అన్నాడు. మా ఆయన స్క్రూలు విప్పుతుంటే ఒకటి చేతిలోంచి జారి మంచం కిందకి దొర్లిపోయింది. అది వెతకడానికి బోర్లా పడుకున్న మొగుణ్ణి చూసి ఏడుపొచ్చింది. గది గుమ్మంలో అత్త రెండు చేతులూ జోడించి, “కాణిపాకం సామీ, పదకొండు టెంకాయలు కొడతా, నా కోడల్ని గట్టెక్కించు” అంటోంది.

ఎనిమిదీ యాభై రెండు. నేను కింద కూలబడి మళ్ళీ నొక్కి వేలు తీశాను. వేలికి తడి తగిలింది. చూస్తే వేలికొన పచ్చగా, మధ్యలో ఎర్రగా ఉంది.

వంగి, మొహం దగ్గర పెట్టి చూశాను. నల్ల డబ్బాకి ముందు వైపు, నడిమధ్యన, రూపాయి బిళ్ళంత గుండ్రటి బటన్. బొట్టు పెట్టుకోవడానికే చేసిపెట్టినట్టుంటుంది. మూడేళ్ళ గంధమూ కుంకుమా దాని చుట్టూ ఉన్న సందులో పేరుకుని గడ్డకట్టి ఉన్నాయి. దానిపైన ఆ పొద్దుటి పచ్చి బొట్టు, నా భయం చూసి అత్త మామూలు కంటే మందంగా పెట్టింది. లోపలికెళ్ళిన బటన్ వెనక్కి రావడం లేదు. నేను వేలు తీసేసినా అది నొక్కినట్టే ఉండిపోయింది. బటన్ నొక్కి పట్టుకుంటే నాలుగు అంకెల్లో కంప్యూటర్ ఆరిపోతుందని నాకు తెలుసు. తెర బిగుసుకుపోయినప్పుడల్లా నేనే అలా ఆపేదాన్ని.

తాళికి తగిలించుకున్న పిన్నీసు లాగి సందులో గీకాను. ఎండిన గంధం పెచ్చులు పెచ్చులుగా రాలింది. కొంగుతో తుడిచాను, మళ్ళీ గీకాను. టిక్కుమని బటన్ పైకి వచ్చింది. నొక్కాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. తెర మీద నీలం వెలుగొచ్చింది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఎనిమిదీ యాభై తొమ్మిదికి లాగిన్ అయ్యాను.

“సూసినావా! పలికినాది!” అంది అత్త సంబరంగా. “తెల్లారి లేస్తానే బొట్టు పెట్టినాను గదా, సామి నా మాట ఇన్నాడు.”

నెల రోజుల భయమంతా నా నోట్లోకి వచ్చింది. పచ్చటి వేలు ఆవిడ మొహం ముందు పెట్టాను. “ఈ బొట్టే అత్తా! ఇన్ని దినాలూ నా ప్రాణం తీసింది నీ బొట్టే! బటన్ మీద ఎవురన్నా గంధం మెత్తుతారా?”

ఆవిడ నా వేలి వంకా, కింద రాలిన పెచ్చుల వంకా చూసింది. చీపురు తెచ్చి ఆ పెచ్చులన్నీ ఊడ్చి ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని పొద్దంతా ఎవరివో గుండె జబ్బులు టైపు చేశాను. మధ్యాహ్నం సంగటి గిన్నె గడప అవతల పెట్టి ఉంది. ఎప్పుడూ బల్ల మీద పెట్టి, నేను రెండు ముద్దలు తినేదాకా నిలబడే మనిషి ఆ రోజు లోపలికి రాలేదు.

అంగడాయనకి చెబితే ఫోన్లోనే పడీ పడీ నవ్వాడు. “నా అంగట్లో బటన్ యాడ నొక్కినానమ్మా? ముందు మూత తీసేసి స్క్రూడ్రైవర్‌తో బటన్ వైరు తగిలే పిన్నులు కలిపేసినాను. అందుకే ఈడ పలికింది” అన్నాడు. నేను కూడా నవ్వాను గానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాను. గోడ అవతల పొత్రం తిరుగుతూనే ఉంది.

తర్వాతి శుక్రవారం పొయ్యికి బొట్టుంది, రోలుకుంది, బీరువాకుంది, బండికుంది. కంప్యూటర్‌కి లేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆ డబ్బా నాకు బోసిగా కనిపించింది. అత్త ముట్టైనట్టు నా గదికి ఎడంగా తిరుగుతోంది. కంప్యూటర్ మాత్రం నొక్కగానే లేస్తోంది, రోజూ లేస్తోంది. అయినా నేను నాలుగు లెక్కపెట్టడం మానలేదు. ఏ రోజు మళ్ళీ ఆరిపోతుందోనని లైటు వంకే చూస్తూ కూర్చునేదాన్ని. బాగైపోయిన వస్తువుకి అంతలా భయపడటమేంటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఆ పై శుక్రవారం ఇంక ఉండలేకపోయాను. తొమ్మిదికి పది నిమిషాలుందనగా గూట్లోని మిక్సీ తీసి వైరు తగిలించి పెట్టాను. కుంకుమ భరిణె, గంధం గిన్నె తీసుకుని పెరట్లో రోటి దగ్గరికి వెళ్ళాను.

“అత్తా, నా గదిలోకి రా. బొట్టు పెడుదువు.”

“వద్దులేమ్మా. నా సెయ్యి మంచిది కాదు.”

“ఆ రోజు నోరు జారినాను అత్తా. మిక్సీ కూడా నీ తప్పు కాదు. తప్పంతా నాదే. లెయ్యి.”

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. నా వెనకే వచ్చి గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చింది. కంప్యూటర్ ముందు నిలబడి గంధంలో వేలు ముంచి, “యాడ పెట్టేది?” అని అడిగింది. నేను డబ్బా పైభాగం చూపించి, “ఈడ పెట్టు, ఈడయితే ఏం కాదు” అన్నాను.

ఆవిడ డబ్బా వంక చూసింది, నా వంక చూసింది. ఆ వేలు తీసుకొచ్చి నా నుదుటి మీద చల్లగా అద్దింది. దాని మీద కుంకుమ పెట్టింది.

“దానికి పెడితే అది మొండికేసినాది. కష్టపడేది నువ్వయితే దానికెందుకు పెట్టినానో ఇన్నేండ్లు” అని, నా ముక్కు మీద రాలిన కుంకుమ కొంగుతో తుడిచింది. “నీకు పెడితే నువ్వు ఆరిపోవు గదా?”

ఎనిమిదీ యాభై ఎనిమిది అయింది. కూర్చుని బటన్ నొక్కాను. తెర మీద పాస్‌వర్డ్ అడిగాక గానీ, ఆ రోజు లెక్కపెట్టలేదని నాకు గుర్తు రాలేదు.