పల్లీలు వేరే, పల్లిపొడి వేరేనట

ఒంటి మీద దద్దుర్లు దేనితోని వస్తున్నయో ఎరుక గావాలంటే పాలు, గుడ్లు, గోధుమలు, పల్లీలు అన్నీ బంద్ పెట్టాలన్నడు పాలమూరు దవాఖాన డాక్టర్. నలభై రోజులు నోరు కట్టుకున్న. నా బిడ్డ పుట్టినరోజు నాడు కేకు ముక్క గూడ ముట్టలే. అయినా దద్దుర్లు తగ్గలే. "బాగ నీరసపడ్డరు, రెండు రోజులు అన్నీ తినుండ్రి, మళ్ల మొదలుపెడదాం" అన్నడు ఇయ్యాల పొద్దున.

సంబురంగ ఇంటికొచ్చి అన్నం ముందర కూసున్న. బీరకాయ కూర నీళ్లు నీళ్లుగ ఉన్నది.

"అత్తమ్మా, జర పల్లిపొడి ఎయ్యవా?"

"నిన్ననే ఒడిసింది బిడ్డా. రోజు నీ కూరలనే ఏస్తుంటి గదా."

ముద్ద చేతులనే ఆగింది. "పల్లీలు తినొద్దన్నడని చెప్పిన గదా?"

"నీకు పల్లీలు ఎన్నడన్న పెట్టిన్నా? పొడి వద్దని ఎవలన్నరు? పొడి లేకుంటే కూర చిక్కగెట్లైతది?"

నలభై రోజుల నా కడుపు మాడ్చుకునుడంత గంగల కలిసింది. ఎల్లుండి నుంచి మళ్ల ఒకటో రోజు. ఇంత రాసినా కోపం దిగుతలేదు. మీ ఇండ్లల్ల పల్లిపొడి దేనితోని చేస్తరో జర కింద రాయుండ్రి. మా అత్తమ్మకు ఒక్కొక్కటి సదివి ఇనిపిస్త.