డాబా మీది చేపముల్లు

మొన్న మా అపార్ట్‌మెంటు కార్యదర్శి తలుపు తట్టి, "మేడమ్, మీద మీ యాంటెనా జర తీయించుండ్రి, బిల్డింగ్ లుక్ ఖరాబైతాంది" అని చెప్పి, నేను కూర్చోమంటున్నా వినకుండా వెళ్ళిపోయాడు. అదే డాబా మీద, నా యాంటెనాకు నాలుగడుగుల దూరంలో, సెల్‌ఫోన్ కంపెనీ వాళ్ళ టవరు తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉంది. దానివల్ల ఏ లుక్కూ పాడవదట! అరవై దాటిన మనిషిని, కోపం ఒంటికి మంచిది కాదని డాక్టరు చెబుతూనే ఉన్నాడు గానీ, ఈ మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు, అదీ నా మంట. నా ఈడువాళ్ళకు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

మేము అప్పుడు కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న ఇంజను షెడ్డులో ఫిట్టరు, నేను బడిలో పంతులమ్మగా కొత్తగా చేరాను. అన్న ఏటూరునాగారం అవతల అడవిలో ఒక చిన్న మిషన్ దవాఖానాలో కాంపౌండరు. వాన పడితే అక్కడ వాగులు పొంగి దారి తెగిపోయేది, టెలిఫోను తీగలు తెగిపడేవి. అందుకే అన్నాచెల్లెళ్ళం ఇద్దరం కూర్చుని చదివి, పరీక్ష రాసి, ఇంట్లోంచే దూరం వాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియోకు లైసెన్సు తెచ్చుకున్నాం. సరదాకు మొదలైన పని, ఆ వానాకాలానికి వాగు అవతలి పల్లెలకు ఆధారమైంది. సాయంత్రం చీకటి పడకముందు అన్న పిలిచి రోగుల సంగతి చెప్పేవాడు, నేను హనుమకొండలోని డాక్టరమ్మకు కబురు అందిస్తే, ఆమె జీపును వాగు ఇవతలి ఒడ్డుకు పంపేది, ఊరివాళ్ళు రోగిని పడవలో దాటించేవాళ్ళు.

మామూలు కడ్డీతో అంత దూరం మాట వెళ్ళదు కనుక, ఒక్క దిక్కుకే బలంగా మాట పంపే యాంటెనా నేనే చేశాను. పాత అల్యూమినియం గొట్టాలు కొని, అమ్మ కుట్టుపని టేపుతో కొలిచి కోసి, ఎండిన వెదురు బొంగుకు వరుసగా బిగించి, ఇంటి పక్క ఎత్తు వాసం మీద ఈశాన్యం వైపు తిప్పి నిలబెడితే, ఒక్క ముక్క వినబడలేదు. వారం రోజులు తల పట్టుకున్నాను. మన కళ్ళకు తెలిసింది టీవీ యాంటెనా కదా, దాన్ని చూసి గొట్టాలను పడుకోబెట్టాను, అవతల అన్న కడ్డీ నిలువుగా ఉంది! మొత్తాన్ని పక్కకు తిప్పి గొట్టాలను నిలువు చేయగానే, "చెల్లె, ఇనవడ్తాందా?" అని అన్న గొంతు పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చింది. నేను ఏడ్చాను, అమ్మ నవ్వింది.

మా క్వార్టర్ల లైనువాళ్ళు దాన్ని చేపముల్లు అనేవాళ్ళు. డిసెంబరు వస్తే మాత్రం ఆ చేపముల్లు వాసానికే లైనంతటికీ కలిపి క్రిస్మస్ నక్షత్రం కట్టేవాళ్ళు, ఎందుకంటే అంత ఎత్తు వాసం ఇంకెవరికీ లేదు, రైలు దిగినవాళ్ళకు స్టేషను దగ్గరినుంచే కనిపించేది. నక్షత్రం ఉన్న నెల నేను మంచి పిల్లను. మిగతా నెలల్లో నేను మాట్లాడినప్పుడల్లా మా పెద్దనాన్న టీవీలో గీతలు వచ్చేవి. ఆయన మా చర్చి సంఘ పెద్ద, లైనులో టీవీ ఉన్న ఒకే ఒక్క మనిషి, ఆదివారం సాయంత్రం సినిమాకు లైనంతా ఆయన ఇంట్లోనే. ఆ గంటన్నా ఆపమని ఆయన, అదే అన్న పిలిచే గంట అని నేను.

వాన ఆగని ఒక ఆదివారం అమ్మతో స్త్రీల కూటానికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి, వాసం బోడిగా ఉంది. కేబులు కోసేశారు, గొట్టాలు వంగిపోయి పెద్దనాన్న స్నానాలగది వెనక పడి ఉన్నాయి. నేను తడిసిన చీరతోనే వెళ్ళి అడిగితే, ఆయన తెర మీదినుంచి చూపు తిప్పకుండా, "ఒక్క పూటకు తీయించిన బిడ్డా, గంత లొల్లి ఎందుకు? రేపు కట్టుకో" అన్నాడు. కూర్చున్నవాళ్ళు నాకు కాస్త దారిచ్చి మళ్ళీ సినిమాలో పడ్డారు. రేడియో ముందు పెట్టుకుని వట్టి కడ్డీతో పిలిచాను, పిలిచాను. గరగర తప్ప ఏమీ లేదు.

మర్నాడు బడి ఎగ్గొట్టి గొట్టాలు సాగగొట్టి మళ్ళీ నిలబెట్టాను. అన్న గొంతు వచ్చింది. "నిన్న పొద్దూకేదాంక పిలిచిన చెల్లె" అన్నాడు. తొలికాన్పు పిల్ల, రక్తం ఆగలేదు. జీపు వస్తుందన్న నమ్మకంతో మంచం మీద మోసుకెళ్ళి, పడవలో ఇవతలి ఒడ్డుకు దాటించి, ఆ వానలో కూర్చున్నారట. తెల్లవారకముందే పోయింది. హనుమకొండలో జీపు ఉంది, డ్రైవరు ఉన్నాడు, డాక్టరమ్మ ఉంది. కబురు ఒక్కటే లేదు.

పై ఆదివారం పెద్దనాన్న చర్చిలో ఆ పిల్ల ఇంటివాళ్ళ ఆదరణ కోసం గొంతెత్తి ప్రార్థన చేశాడు. డిసెంబరులో వాసానికి నక్షత్రం కట్టమని మనిషిని పంపాడు, నాన్న కట్టనిచ్చాడు. పెద్దనాన్నను క్షమించమని అన్న నాకు చెప్పాడు. నేను క్షమించలేదు, ఇవాళ్టికీ లేదు, ఆయన పోయి ఎన్నేళ్ళయినా.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది, ఆ పల్లెలో ఫోను పలుకుతుంది, అంబులెన్సు వస్తుంది. సంతోషమే, మనస్ఫూర్తిగా సంతోషమే. కానీ అందరి చేతిలో ఫోనున్న ఈ కాలంలో, అవతలివాడి పిలుపు కోసం పని మానుకుని చెవి ఒగ్గి కూర్చునే మనిషి ఎక్కడున్నాడో నాకు కనబడటం లేదు. కార్యదర్శికి తీయనని కబురు పంపాను, ఆయనకు అది ముసలామె మొండితనం. ఆనాటి లైనువాళ్ళు పెళ్ళిళ్ళలో, సమాధుల తోటలో ఇప్పటికీ కలుస్తుంటారు. ఆ ఆదివారం టీవీలో ఏ సినిమా వచ్చిందని ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరికీ గుర్తు లేదు.