పదింటి సైకిలు

"టైమైంది, పోతున్న." డిగ్రీల నా పక్కన కూసునే దోస్తు నోట్ల ఎప్పుడూ గదే మాట. సిరిసిల్లల పొద్దుగాల నాలుగింటికే లేచి సాంచ మీద బట్ట నేసేటోడు. ఒక్కో నూలు కండె అయిపోయేలోపు ఒక్కో ప్రశ్న చదివేటోడు. తర్వాత సైకిలెక్కి సరిగ్గ పదింటికి క్లాసుల ఉండేటోడు. వాణ్ణి జూసి చాయ్ హోటలాయన గడియారం దిద్దుకునేటోడు.

ఒకనాడు పోలీసులు ఆపిండ్రు. "దినాం గదే టైము, గదే తొవ్వ. అడవిల అన్నలకు ఏం మోస్తున్నవ్ రా?" జేబుల దొరికినయి లెక్కల సూత్రాల చీటీలే. అయినా మూడు దినాలకు గాని వదలలే. టైముకు నడిచేటోడు గూడ దొంగే గా దినాలల్ల.

వచ్చినంక ఒకనాడు తొమ్మిదికి, ఒకనాడు పన్నెండుకు, రోజొక తొవ్వల వచ్చేటోడు. "ఒక్కతీరుగ పోతే కండ్లల్ల పడతం" అనేటోడు, నా మొఖం జూడకుంట. "పరీక్షకన్న టైముకు రారా" అని కాళ్ళు మొక్కినంత పని జేసిన.

ఆఖరు పరీక్షకు గంట లేటుగ వచ్చిండు. అప్పటికే గేటు మూసిండ్రు. హాలు కిటికీలకెల్లి జూసిన. వాడు వాచ్‌మన్‌ను బతిమాలలే. అటుఇటు జూసి, వచ్చిన తొవ్వ ఇడిసిపెట్టి, ఇంకో తొవ్వకు సైకిలు తిప్పిండు.