దసరా గ్రీజు

ఒక అబద్ధం చాలా ఏళ్లుగా నాతోనే ఉండిపోయింది. బరువే, కానీ రోజంతా తెలిసే బరువు కాదు. వెనక జేబులో మరిచిపోయిన బోల్టులాంటిది, కూర్చున్నప్పుడే గుచ్చుకుంటుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను మెకానిక్‌ని. చీపురుపల్లి దగ్గర ఒక క్వారీలో రాళ్లు తవ్వి లారీలకెత్తే పాత షావెలు మిషన్ ఉండేది, ఇనప తాళ్లతో బకెట్టు ఎత్తే రకం. దాన్ని నడిపేవాడు అప్పన్న, మా మేనత్త కొడుకు. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. నన్ను అక్కడ పనిలో పెట్టించింది అతనే. ఆ షావెలు సీటంటే అతనికి ప్రాణం. సెలవు రోజున కూడా వచ్చి దాని అద్దం తుడిచి వెళ్లేవాడు. మేం నవ్వేవాళ్లం.

దసరాకి మిషన్లకు పూజ చేస్తాం. కడిగి, పసుపు రాసి, దండ వేసి, నిమ్మకాయలు తొక్కిస్తాం. మా క్వారీలో ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆ రోజు గ్రీజు గన్ను పట్టుకుని, గ్రీజు పెట్టే చోటల్లా బయటికి పొంగేదాకా కొట్టేవాళ్లం. పండగ పూట దానికీ కడుపు నిండాలి కదా. లివరు లాగితే జరిగి క్లచ్ ప్లేట్లను నొక్కే కాలరు దగ్గర మాత్రం అలా కొట్టకూడదు. అక్కడ ఒక్క నొక్కు చాలు. ఎక్కువైతే, ఇంజను తిరిగినప్పుడు ఆ గ్రీజు చిమ్మి, పొడిగా ఉండాల్సిన క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. నాకది తెలుసు. తెలిసీ ఎందుకు కొట్టాను? కావాలని కాదు. పండగ హుషారులో చెయ్యి ఆగలేదు, అంతే.

పండగ వెళ్లి పనిలోకి దిగాక క్లచ్ జారడం మొదలైంది. ఇంజను అరుస్తోంది, తాడు కదలడం లేదు, నిండిన బకెట్టు లేవడం లేదు. మాడు వాసన. అలాంటప్పుడు ప్లేట్లు అరిగాయేమోనని ముందు అనుమానిస్తాం. బిగింపు రింగు కొంచెం తిప్పాను. లివరు గట్టిపడింది, లాగితే టక్కుమని పూర్తిగా పడుతోంది కూడా. అయినా జారుతోంది. అరుగుడే అయితే బిగించగానే పట్టు దొరకాలి. దొరకలేదంటే జిడ్డు. పక్క మూత తీసి లోపల వేలు పెట్టాను. నేను కొట్టిన గ్రీజే వేలికి అంటుకుంది.

అప్పన్న టీకి వెళ్లాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. చేయి అందినంత మేరా గుడ్డతో తుడిచేశాను. మాడి నల్లబడిన ప్లేటు అంచు ఒక్కటే మిగిలింది. ఇంతలో షావుకారు వచ్చాడు. ఊళ్లో ఇనప సామాన్ల కొట్టున్న మనిషి, క్వారీ ఆయనదే. లోపలికి తొంగి చూశాడు.

“ఏటి, తప్పు మిషన్‌దా, మనిషిదా?”

“లివరు సగంలో ఉంచేస్తన్నాడండి. టక్కుమని పడీదాకా లాగడు. అందుకే మాడిపోనాది” అన్నాను.

అప్పటికే అప్పన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు. తిరగబడతాడనుకున్నాను. అతను తన అరచెయ్యి చూసుకున్నాడు.

“నానలాగ సేస్తన్నానేటి బావా? నువ్వు సెప్తే అదే అయ్యుంటాది. నాకు తెలీనేదు.”

అప్పుడైనా నోరు విప్పొచ్చు. ఎందుకు విప్పలేదు? గ్రీజు నాదేనని చెబితే షావుకారు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. పని ఏమీ పోయేది కాదు. మంచి చెయ్యి అని నాకున్న పేరు పోతుందని భయపడ్డాననుకుంటాను. ఇన్నేళ్లూ వెతికినా అంతకన్నా పెద్ద కారణం దొరకలేదు, దొరికితే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

ఆ రోజే అతన్ని సీట్లోంచి దించేశారు. నేను ప్లేట్లు విప్పి, పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాను. షావెలు బాగా లాగింది. కొత్త డ్రైవరు చెయ్యి మంచిదన్నారు అందరూ. నేను తలూపాను. అప్పన్న పని కోసం కొత్తవలస దాకా తిరిగాడు. అతని కంటే ముందే మాట వెళ్లిపోయింది, క్లచ్‌లు తినేస్తాడని. మళ్లీ ఎవరూ మిషన్ ఎక్కనివ్వలేదు.

ఆ షావెలు ఎప్పుడో తుక్కుకి పోయింది. అప్పన్న ఇప్పుడు ఒక రైస్ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. ఈ మధ్య అటు వెళ్తూ ఆగాను. లారీ వెళ్లాక గేటు మూసి గొళ్లెం పెట్టాడు. నా వైపు వస్తున్నవాడల్లా ఆగి, వెనక్కెళ్లి గొళ్లెం లాగి చూశాడు. మళ్లీ లాగాడు. నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు.

“సగంలో ఒగ్గేసీ సెయ్యి కదా బావా, నమ్మకం నేదు.”

నాకు సిగ్గేసింది. అయినా చెప్పలేదు. ఆ చెయ్యి పోసిచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఇక్కడైతే రాస్తున్నాను. అప్పన్న ఆ లివరును ఏ రోజూ సగంలో వదల్లేదు. గ్రీజు నాది, అబద్ధమూ నాదే. ఇంత రాసేసరికి నాకు కాస్త ఊపిరాడుతోంది. ఇది అతనికి చేరదని తెలుసు, అతని ముందు నిలబడి చెబుతానని మాట ఇవ్వలేను. ఈపాటికి మిల్లు మూసే వేళయింది. అతను గేటు వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కెళ్లి గొళ్లెం లాగి చూస్తుంటాడు.